అక్కకు చెప్పకు, బావా

ఆర్మూర్,
ఫిబ్రవరి 9, 2025.

బామ్మర్ది లింగానికి బావ గంగాకిషన్ రాస్తున్నది. ముందు తిట్లు, తర్వాత క్షేమ సమాచారం.

ఏమైంది నీ ఫోనుకు? ఎప్పుడు చేసినా నీ కోడలు పూర్ణిమ ఎత్తుతుంది. "మామ పండుకున్నడు పెదనాన్నా" అంటుంది. పొద్దున చేసినా పండుకునే ఉంటావు, మధ్యాహ్నం చేసినా పండుకునే ఉంటావు. నువ్వు మనిషివా, చెరువులో బర్రెవా? అందుకే కువైట్ క్యాంపులో ఉన్నప్పటిలాగా కాగితం పట్టుకున్నాను. అప్పట్లో మన గదిలో అందరి ఇండ్లకూ ఉత్తరాలు రాసిచ్చింది నేనే కదా, చెయ్యి ఇంకా పడిపోలేదు. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి పిల్ల నన్ను పాత సామానును చూసినట్టు చూసింది.

ఇక్కడ పసుపు సీజను జోరుగా ఉంది. ఊరినిండా ఆవిరి బాయిలర్లు వచ్చినా, కొందరు రైతులకు ఇంకా మన పాత ఇనుప కడాయిలో ఉడికించిన కొమ్మే కావాలి. కిరాయికి ఉడికించి ఇవ్వడానికి దినమంతా చాలడం లేదు. ఎండిన కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటే దుమ్ము వీధంతా పరుచుకుంటోంది. మన వీధి తెల్ల కుక్క మళ్ళీ వాన పడేదాకా పచ్చ కుక్కే.

మీ అక్క బాగుంది. ఆమె నాలుక ఇంకా బాగుంది. కాకపోతే జర బద్ధకం పెరిగింది. ఇదివరకు కడాయి నుంచి కల్లం దాకా గంప నెత్తిన పెట్టుకొని ఆగకుండా పోయేది. ఇప్పుడు నడుమ గంప దించి కూర్చుంటోంది. "వయసైపోయిందా ఏంది?" అన్నాను. "నీతోని కాపురం జేసి జేసి ఊపిరి అయిపోయింది" అంది. సన్నబడింది కూడా. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పాత రవికలు మళ్ళీ పడుతున్నాయని మురిసిపోతోంది.

సిరికొండ ఏమన్నా సముద్రం అవతల ఉందా? ఒక పూట వచ్చి పో. అక్క చేతి అన్నం తిని, నా చేతి తిట్లు తిని పోదువు.

నీ బావ,
గంగాకిషన్


సిరికొండ,
ఫిబ్రవరి 20.

బావకు దండాలు.

నీ తిట్లు క్షేమంగా చేరాయి. బర్రె అన్న చోట పూర్ణిమ మస్తు నవ్వింది.

ఫోను బాగానే ఉంది బావా. బాగాలేనిది నేను. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఊపిరి అందదు. నీతో ముచ్చట నాలుగు మాటల్లో తేలుతుందా? నువ్వు పసిగడతావని పూర్ణిమకు ఆ అబద్ధం నేర్పింది నేనే. కాగితమైతే మేలు. ఎన్నిసార్లు ఆగి రాసినా నీకు తెలియదు.

బతుకమ్మ పండుగప్పుడు మొదలైంది. కుడి పక్క పక్కటెముకల్లో బరువుగా ఉండేది, పొడి దగ్గు. ఊళ్ళో ఆర్‌ఎంపీ టీబీ అన్నాడు. జీవితమంతా బీడీలు తాగినవాణ్ణి, నేనూ సరే అనుకున్నాను. కఫం పరీక్షలో టీబీ లేదని వచ్చింది. నిజామాబాద్‌లో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు! సూదితో తీసేశారు. మళ్ళీ చేరాయి. తీసేశారు, మళ్ళీ చేరాయి. అప్పుడు హైదరాబాద్ పంపించారు.

అక్కడి డాక్టరమ్మ మన పిల్లలకంటే చిన్నది. మొదట ఏం అడిగిందో తెలుసా? ముప్పై ఏండ్ల కింద ఏం పని చేసేవారు అని. నిన్న ఏ కూర తిన్నావంటేనే చెప్పలేనివాణ్ణి! కువైట్‌లో పైపుల పని అన్నాను. ఏ పైపులు, వాటిమీద ఏముండేది, ఎట్లా పీకేవారు అని ఒకటే అడగడం. నాకైతే మళ్ళీ వీసా ఇస్తుందేమో అనిపించింది.

నీకు గుర్తుందా బావా, వేడి పైపులకు చుట్టిన పాత తొడుగు మనం పీకి కుప్పలు పోసేవాళ్ళం. తెల్లటి పీచు, ఎండకు మెరిసేది. దూది అనుకొని ఒకరిమీద ఒకరం విసురుకున్నాం. అది ఆస్బెస్టాస్ అట. దాని పీచు కంటికి ఆననంత సన్నగా విరిగి గాలిలో తేలుతుంది. ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తి మీది పొరలో దిగబడుతుంది. కరగదు, బయటికి రాదు. ఇరవై, ముప్పై, నలభై ఏండ్లు చప్పుడు చేయకుండా ఉండి, ఆ పొరకు క్యాన్సర్ తెప్పించగలదట. దాని పేరు మీసోథీలియోమా. నాకు నోరు తిరగడానికే వారం పట్టింది. ఆ పీచు పీల్చిన ప్రతి ఒక్కరికీ రాదు. నాకు వచ్చింది.

దీనికి బీడీలతో సంబంధం లేదని చెప్పింది. అక్క ఇన్నేండ్లు తిట్టిన తిట్లు దండగే కదా అని సంతోషపడేలోపు, బీడీ కూడా తోడైతే ఊపిరితిత్తికి ఇంకో రకం క్యాన్సర్ వచ్చే భయం ఎన్నో రెట్లు ఎక్కువని అంది. మానేశాను.

లోపల ఏదో పొడి చల్లి పొరలు రెండూ అతుక్కునేలా చేశారు, ఇక నీళ్లు చేరే జాగా ఉండదట. పసుపు చల్లారా అమ్మా అని అడిగితే డాక్టరమ్మ నవ్వింది. ఇప్పుడు మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. వేళ్ళతో సహా పీకే మందు లేదని మొహం మీదే చెప్పింది. పెరగకుండా పట్టి ఉంచుతాం, ఆయాసం తగ్గిస్తాం, ఎన్ని దినాలైనా మంచిగా ఉండేలా చూస్తాం అంది. నాకు ఆమె మాట నచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. నా పక్కన నిలబడి పీకింది నువ్వే. రేపే పోయి ఎక్స్‌రే తీయించుకో. కువైట్ పని సంగతి నీ నోటితో నువ్వే చెప్పు, చెప్పకపోతే ఇక్కడి డాక్టర్లకు తట్టదు. ఆయాసం, ఒక పక్కన నొప్పి, పొడి దగ్గు, ఊరికే అలసిపోవడం, తిన్నా తినకున్నా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా నిర్లక్ష్యం చేయకు. నాకు నీ గురించే భయంగా ఉంది.

అక్కకు చెప్పకు బావా. సీజను నడుమ ఆమె కడాయి వదిలేసి ఇక్కడికొచ్చి కూర్చుంటుంది. కొంచెం కుదురుకున్నాక నేనే వచ్చి చెబుతాను.

నీ లింగం


ఆర్మూర్,
మార్చి 8.

లింగం,

బర్రె అన్నందుకు నా నోట్లో మన్ను పడ. నీ ఉత్తరం కడాయి దగ్గర చదివాను. పొగ కండ్లల్లో పడిందని చెప్పి దినమంతా ఏడ్చాను. కడాయి పుణ్యమా అని ఎవరూ అడగలేదు. కువైట్‌లో నాకు జ్వరమొస్తే నీ వంతు అన్నం తెచ్చి పెట్టినోడివి, ఇన్ని నెలలు మాకు చెప్పకుండా దవాఖానలు తిరిగావా? దీనికి నిన్ను కలిసినప్పుడు వేరే తిట్లున్నాయి.

నువ్వు చెప్పినట్టే పోయాను. నిజామాబాద్ డాక్టరుకు కువైట్, పైపులు, పీచు అన్నీ చెప్పాను. మనం పని చేసిన రిఫైనరీ బొమ్మ గీసి చూపించబోతే, చాలు పెద్దమనిషీ, చొక్కా విప్పు అన్నాడు. ఎక్స్‌రే తీశారు, గొట్టంలో పడుకోబెట్టి సీటీ కూడా తీశారు. ఏమీ లేదు లింగం! ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట. ఏడాదికోసారి వచ్చి చూపించుకో, దగ్గు ఆయాసం వస్తే ముందే రా అన్నాడు. నీకు వచ్చి నాకు రాకపోవడం ఏం న్యాయమో నాకు తెలియదు. సంతోషపడాలన్నా సిగ్గుగా ఉంది, కానీ సంతోషంగానే ఉంది.

మొక్కు తీర్చుకోవడానికి సిద్ధుల గుట్ట మీది గుడికి ఎక్కాను. నీ బావ గుట్ట ఎక్కుతుంటే కాలేజీ పిల్లలు పక్కకు జరిగి దారి ఇచ్చారంటే చూసుకో. మీ అక్కనూ తీసుకుపోయాను. ఆమె కింది మెట్ల దగ్గరే చెప్పులకు కాపలా కూర్చుంది. నాలుగు మెట్లు ఎక్కి, కుడి పక్క పట్టుకొని, "నువ్వు వొయ్యి దండం పెట్టి రాపో, నా దండం గూడ నువ్వే పెట్టు" అంది. సీజను లేనప్పుడు బీడీలు చుడుతుంది కదా, ఆ తంబాకు ఘాటు ఛాతీలో పేరుకుందని ఆమె లెక్క. అల్లం మురబ్బా చప్పరిస్తోంది. వెల్లకిలా పడుకుంటే దగ్గొస్తోందని గోడకు ఆనుకొని నిద్రపోతోంది. నేనేమో రైలు ప్రయాణం ఎక్కడికి అని ఆటపట్టిస్తున్నాను.

ఒక ముచ్చట చెబితే నవ్వుతావు. మనిద్దరం వచ్చేటప్పుడు సైటులో పడేస్తుంటే ఏరుకొని, అక్కకు కానుక అని పెట్టె అడుగున పెట్టి తెచ్చిన తెల్ల మందం బట్ట ఉంది చూడు, నిప్పుకు కాలని బట్ట, అది ఇంకా ఉంది! కడాయి మూత అంచుకు చుట్టేది అదే, వేడి పిడులు పట్టుకునే మసిగుడ్డ అదే. చిరిగిన చోటల్లా కుట్టుకుంటుంది. సీజను మొదట్లో గోడకేసి కొట్టి, దులిపి మరీ తీసింది. "నా తమ్ముడు తెచ్చింది, ముప్పై ఏండ్లైనా చెక్కు చెదరలే. నువ్వు తెచ్చిన గడియారం ఏడాదికే పాయె" అని నన్ను దెప్పుతోంది.

నువ్వు ధైర్యంగా ఉండు. అక్కకు చెప్పలేదు.

గంగాకిషన్


సిరికొండ,
మార్చి 13.

బావా,

నువ్వు రాసిన ఉత్తరాలు నువ్వు చదువుకుంటావా? గంప దించి కూర్చుంటోంది. గాజులు జారుతున్నాయి. కుడి పక్క పట్టుకుంటోంది. పడుకుంటే దగ్గు. నవ్వుతావు అని రాశావు. నేను రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను.

ఆ బట్ట కూడా అదే పీచు. పైపుల మీద ఉన్నదే, నేసి బట్ట చేశారంతే. పని చేసినవాళ్ళకే కాదు, వాళ్ళ బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్ళకు కూడా ఈ జబ్బు వచ్చిందని డాక్టరమ్మ నాతో చెప్పింది. అక్క ఏకంగా ముప్పై సీజన్లు దాన్ని గోడకేసి కొట్టి దులిపింది.

కాకపోవచ్చు. తంబాకు దగ్గే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అది తేల్చాల్సింది నువ్వూ నేనూ కాదు. ఈ వారమే తీసుకుపో. ఈ బట్ట సంగతి డాక్టరుకు ముందే చెప్పు. కొమ్ములు కుళ్ళిపోతే పోనీ.

ఆ బట్టను ఇక దులపొద్దు, కాల్చొద్దు, చింపొద్దు. ముక్కుకు మాస్కు పెట్టుకొని, నీళ్లతో బాగా తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి మూతి కట్టు. ఆమెను ముట్టనివ్వకు.

నా మీద ఒట్టు, ఆలస్యం చేయకు.

లింగం


ఆర్మూర్,
ఏప్రిల్ 21.

లింగం,

ఇన్ని దినాలు రాయనందుకు తిట్టకు. రాయడానికి కూర్చొని రెండు కాగితాలు చింపేశాను.

నీ ఉత్తరం అందిన దినమే బట్టను తడిపి కట్టేశాను. ఇట్లాంటివి తీసుకుపోయి పూడ్చే చోటు ఎక్కడుందో కనుక్కుంటున్నాను, అప్పటిదాకా సంచి తాళం వేసి ఉంది. బట్ట ఏదని మీ అక్క ఇల్లంతా వెతికి, మన వీధి కుక్కను కూడా అనుమానించింది.

ఇక ఆమెను దవాఖానకు కదిలించడం ఎట్లా? "సీజను అయినంక సూద్దాం" అంటుంది. సీజను అయ్యాక బీడీల పని అంటుంది, ఆ తర్వాత వానలంటుంది. నాకు ఒకటే దారి తోచింది. నీకు ఛాతీలో జబ్బు చేసిందని, రక్తం ఎక్కించాలని, తోడబుట్టిన వాళ్ళ రక్తమే సరిపోతుందని చెప్పాను. లింగం, కడాయి కింద మంట మండుతూనే ఉంది, కొమ్ములు కడాయిలోనే ఉన్నాయి, ఆమె చెప్పులేసుకొని వాకిట్లో నిలబడింది. "ఇంక సూస్తవేంది? ఆటో పిలువు" అంది.

నిజామాబాద్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తుంటే, రక్తానికి ఇదేంది అని అడిగింది. మంచి రక్తమా కాదా చూస్తారు అన్నాను. నమ్మింది. డాక్టరుతో "ఎంత గావాల్నో అంత తీస్కోండ్రి సారూ, నాకేం గాదు, మావోడు సిన్నోడు" అని చెబుతుంటే నేను బయటికి వచ్చేశాను.

కుడి పక్క నీళ్లు ఉన్నాయి. అక్కడి నుంచి అటే హైదరాబాద్, నీ డాక్టరమ్మ దగ్గరికి. నీళ్లు తీశారు. పక్కటెముకల నడుమ చిన్న కంత చేసి, కెమెరా పంపి ముక్క తీసి పరీక్షకు పంపారు. అదే జబ్బు. ఒక పక్కకే ఉందట, పాకలేదట. ఇట్లాంటివి ముదిరాకే వస్తుంటాయి, మీరు తొందరగా తెచ్చారు, ఎవరు పంపారు అని అడిగింది. నీ పేరు చెప్పాను. మందు మొదలు పెడదాం, తట్టుకునే బలం ఆమెలో ఉంది అంది.

ఆమెకు మాత్రం ఊరికే నీళ్లు చేరాయి, మందులతో పోతాయి అని చెప్పాను. నీళ్లు తీశాక ఆయాసం తగ్గి, పడుకొని నిద్రపోతోంది. వార్డులో ఆడవాళ్ళందరితో చుట్టరికం కలిపేసింది. ఆ పేరు ఆమెకు చెప్పడం నా వల్ల కాదు. పక్కనుండి ఎంత ఆటపట్టించానో తలుచుకుంటే అన్నం దిగడం లేదు. ఆమె లేకపోతే నేను ఏం చేయాలో నాకు తెలియదు లింగం, చాయ్ పెట్టుకోవడం కూడా రాదు.

అక్కకు చెప్పకు. ఈసారి నేను అంటున్నాను.

గంగాకిషన్


సిరికొండ,
మే 2.

బావా,

రక్తం ముచ్చట చదివి నేను నవ్వానో ఏడ్చానో పూర్ణిమను అడుగు. మొత్తానికి మా అక్క నా కోసం పోయి తన జబ్బు కనిపెట్టించుకుంది.

కానీ చెప్పు బావా. నువ్వే చెప్పు. మొదట్లో నాకూ ఇంట్లో దాచారు. నేను గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి, ఎవరో ఒకరు టీవీ సౌండు పెంచేవారు. నాకు జబ్బుకంటే ఆ టీవీ అంటే భయం పట్టుకుంది. ఇంట్లో నలుగురున్నా ఒక్కణ్ణే అయిపోయాను. డాక్టరమ్మ చెప్పిన దినం నాకు ఆకలేసింది, నమ్ముతావా? బస్టాండులో రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను.

మందు ఎక్కేది ఆమె ఒంట్లోకి. ఎందుకో తెలియకుండా వాంతులు, నీరసం ఎట్లా ఓర్చుకుంటుంది? ముందు అక్కకు చెప్పకు అని రాసింది నేనే. అది కొట్టేశాను అనుకో.

నేను పోయిన వారం వీధి చివరి దాకా నడిచాను. ఇప్పుడు ఆరేడు మాటలు వస్తున్నాయి. ఫోను చెయ్యి, నేనే ఎత్తుతాను.

లింగం


ఆర్మూర్,
మే 17.

తమ్ముడు లింగానికి అక్క లక్ష్మవ్వ రాపిచ్చేది. రాసేది మీ బావ. నేను ఏది జెప్తే గదే రాయాలె, సొంత కవిత్వం వెట్టొద్దని ఒట్టు వేయించుకున్న.

మీ బావ నాకు జెప్పనీకి వారం దినాలు తిప్పలు వడ్డడు. నా ఎదురుంగ వచ్చి కూసుంటడు, గొంతు సవరిస్తడు, "పసుపు రేటు వెరిగిందట" అంటడు. గట్ల లేస్తడు. మల్ల వస్తడు, "ఎండలు మస్తున్నయ్" అంటడు. నేను సూస్తనే ఉన్న. పాపం, ఎంత సేపని సూడాలె? నేనే అన్న, "నాది క్యాన్సరే గద" అని. దవాఖానల మీ బావ చాయ్‌కి వోయినప్పుడే డాక్టరమ్మను అడిగిన. నా పెయ్యిల ఏం జబ్బున్నదో నాకు జెప్పవా బిడ్డా అన్న. నా చెయ్యి వట్టుకొని అంత జెప్పింది. మంచి పిల్ల.

ఇన్ని దినాలు నువ్వు నాకు జెప్పలే, మీ బావ నాకు జెప్పలే, నేను మీకు జెప్పలే. ముగ్గురం ఒగలకొగలం దాస్కుంట మంచిగనే నడిపినం. మొదలు నిన్ను తిట్టాలె. గింత జబ్బు జేస్తే అక్కకు జెప్పవా? అక్క ఎందుకున్నట్టు?

బట్ట ముచ్చట గూడ జెప్పిండు మీ బావ, తల్కాయ దించుకొని. గా దాంట్ల మీ తప్పేమున్నది? పని జేయించుకున్నోళ్ళు మీకు జెప్పలే, మీకు తెల్వదు. నాకు చేతులు కాలొద్దని తెచ్చిన్రు. మల్ల ఎవ్వలన్న నా ముందట తప్పు అంటే ఊకోను. వాడకట్టుల అందరికి జెప్పిన, గల్ఫ్ నుంచి తెచ్చిన గసొంటి బట్ట ఎవ్వలింట్లనన్న ఉంటే దులపకుండ్రి, తడిపి కట్టుండ్రి అని. రెండిండ్లల్ల దొరికింది! గా ఇంటోళ్ళు గూడ ఎక్స్‌రేకు వోతున్నరు.

నాకు మొదటి మందు ఎక్కింది. రెండు దినాలు నోరు ఇనుము తిన్నట్టుండె, ఏది దిన్న సయించలే. మూడో దినం పచ్చిపులుసు తాగిన. మీ బావ చేసిండు. ఉప్పు వెయ్యలే. అయిన మంచిగున్నది అన్న. ఇప్పుడు చాయ్ వెట్టుడు గూడ నేర్చుకున్నడు, జర నీళ్ళ లెక్క ఉంటది.

డాక్టరమ్మను అడిగి నీ మందు, నా మందు ఒక్క దినం వడేటట్టు చేసుకున్న. మూడు వారాలకోపాలి అక్క, తమ్ముడు పక్కపక్క కుర్చీలల్ల కూసోని ముచ్చట వెట్టుకుందం. పెండ్లిళ్ళైనంక మనకు గంత తీరిక ఎన్నడన్న దొరికిందా?

ఇంకొక్కటి రాయుమంటే మీ బావ రాస్తలేడు. పెన్ను కింద వెట్టిండు. కిటికీల కెళ్ళి బయటికి సూస్తుండు. ఒట్టు వేసినవ్ గద, రాయి అంటున్న.

రాసిండు. అక్షరాలు వంకర వోయినయ్, నువ్వే సదువుకో.

తమ్మీ, నాకు భయమైతుంది.

గది రాసి మీ బావ "నాకు సుత" అన్నడు. గది గూడ రాయుమన్న. నీకు గూడ అయితుండొచ్చు, నువ్వు ఎన్నడు జెప్పలే. ఇంక దాసుడెందుకు, ముగ్గురికి భయమే. ఇరవై ఆరో తారీఖు సోమారం పొద్దుగాల హైదరాబాద్ దవాఖానకు కారు మాట్లాడినం. సిరికొండకు వచ్చి నిన్ను ఎక్కించుకుంటం, తయారుండు. ముగ్గురం ఒక్క బండ్లనే పోదం.

నీ అక్క
లక్ష్మవ్వ